దేవసహాయం సాక్ష్యం

దేవసహాయం గుండె అరగంట ఆగిపోయి మళ్లీ కొట్టుకుంది. అరగంట కాదులెండి, అరక్షణమైనా ఆగలేదు. గుండెను ఆపి దాని పని యంత్రానికి అప్పగించకుండా, కొట్టుకుంటున్న గుండెకే డాక్టర్లు బైపాస్ చేశారు. అయినా కౌల్ బజార్ చర్చిలో కృతజ్ఞతా సాక్ష్యం చెప్పేటప్పుడు, ఎదమీది కుట్ల మచ్చ చూపిస్తూ, "అరగంట గుండె నిలిచిపాయ, సచ్చి లేచినా!" అనేశాడు. ఆడవాళ్లు వెక్కివెక్కి ఏడ్చారు. అది అతనికి ఎంతో బాగుండింది. ఆ తర్వాత వీధిలో ఖనిజం లారీ దుమ్ము రేపుతూ వెళ్లినప్పుడల్లా రుమాలు ముక్కుకూ, అరచెయ్యి గుండెకూ అడ్డం పెట్టుకుని, అందరూ చూసేదాకా నిలబడేవాడు.

అదే ఆపరేషన్ కావలసిన లారీ డ్రైవర్ రాజ్ కుమార్, ఆ సాక్ష్యం విని భయపడి ఆస్పత్రికి పోనన్నాడు. అది దేవసహాయం చెవిన పడింది. రాజ్ కుమార్ ఇంటికి వెళ్లి, తల వంచుకుని చెప్పాడు.

"నా గుండె నిలవనే లేదప్పా. కొట్టుకుంటానే ఉన్నింది. పోయి చేపిచ్చుకో."

"మల్ల చర్చిలో సచ్చి లేచినా అంటివి కదన్నా? ఆపరేషన్‌తో మతి గాని పోయిందా ఏంది?"

అవునంటే వీడిక ఆస్పత్రి గడప తొక్కడు. అబద్ధమాడానంటే ఈ మాటా నమ్మడు.

"మతి బాగుండాది," అన్నాడు దేవసహాయం. "చర్చిలో నేనట్లా అననే లేదు."