డెన్మార్క్ కుర్చీలో కూర్చునే ఉద్యోగం

కరోనా తగ్గుముఖం పట్టి, మూతులకు మాస్కులు మాత్రం మిగిలిన ఆ రోజుల్లో దుబాయ్‌లో ఏ ఉద్యోగం దొరికినా మహాప్రసాదమే. పనేమిటని ఎవరూ అడిగేవారు కాదు, ఎప్పుడు చేరమంటారని అడగడమే. అలా నేను దుబాయ్ పక్కనే ఉన్న షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో, పాత విదేశీ కుర్చీలూ బల్లలూ బాగుచేసి అమ్మే ఒక కొట్టులో సేల్స్‌మన్‌గా చేరాను. ముందు షోరూము, వెనక వర్క్‌షాపు. ఆరు నెలల ప్రొబేషన్, నచ్చకపోతే ఖలాస్, ఇంటికి టికెట్టు. ఆఖరి నెల వచ్చేసరికి నేను అమ్మింది ఒకే ఒక్క స్టూలు. (అది కూడా కొన్నాయన మర్నాడే తెచ్చి వెనక్కిచ్చాడు.)

ఆ నెలలోనే వచ్చింది ఆ కుర్చీ. ఎప్పుడో డెన్మార్క్‌లో చేసిన టేకు కుర్చీ. వచ్చినప్పుడు ఒక చెయ్యి ఊడిపోయి, సీటు చిరిగి, చూడ్డానికి జాలేసేలా ఉండేది. మామూ దాన్ని విప్పి, కీళ్లకు జిగురు పెట్టి బిగించి, పాత వార్నిషు గీకి నూనె పట్టించి, మెలితిప్పిన కాగితపు తాడుతో సీటు కొత్తగా అల్లాడు. (మామూ నాకు ఏ వరసా కాదు. కడప వైపు నుంచి వచ్చిన వడ్రంగి, కొట్టులో అందరికీ మామూనే.) "కాగితం మింద మనిషిని కూచ్చోబెడతారంట అబ్బీ, డెన్మార్కోళ్లకి ఎంత ధైర్నమో!" అని నవ్వేవాడు. పని పూర్తయ్యాక చూస్తే నిజంగా కళ్లు తిప్పుకోలేకపోయాం.

వచ్చినవాళ్లంతా మెచ్చుకునేవారు గానీ, ఆ సన్నటి కాళ్లు చూసి ఒక్కరూ కూర్చునేవారు కాదు. అప్పుడు మా ముదీర్‌కు, అంటే మేనేజరుకు, ఒక ఆలోచన వచ్చింది. ఆయనది హైదరాబాదు. "నువ్వే కూసో భాయ్. ఎన్కకు వాలు, కాలు మీద కాలెయ్యి, మస్తు హాయిగున్నట్టు కనవడు. గంతే నీ పని. ఈ నెలల గీ కుర్చీ పోకపోతే నువ్వు పోతవ్" అన్నాడు. ఎడారిలో అంతమంది పొద్దస్తమానం నిలబడి కష్టపడుతుంటే నాకు కూర్చునే ఉద్యోగం! ఆ రాత్రి ఫోన్లో చెబితే మా అక్క, "దానికి దుబాయ్ దాకా ఎందుకురా తమ్ముడూ? ఇక్కడ చేసింది కూడా అదేగా!" అంది.

తీరా చూస్తే ఆ ఒక్క పనీ నాకు చేతకాలేదు. మా పెదనాన్న హెడ్మాస్టరు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టేసరికి మేం లేచి నిలబడకపోతే నెత్తిన మొట్టికాయ పడేది. ఆ మొట్టికాయలు నాతో పాటు విమానమెక్కి వచ్చినట్టున్నాయి. కుర్చీ అంచున, పెళ్లిచూపుల్లో పిల్లలా కూర్చునేవాణ్ణి. ఎవరు లోపలికొచ్చినా దిగ్గున లేచేవాణ్ణి. గిరాకీ వస్తే లేచాను, కొరియర్ వాడొస్తే లేచాను, జిగురు డబ్బా పట్టుకుని మామూ వస్తే లేచాను. మామూ నా భుజం నొక్కి, "కూచ్చో రా, నేనేం కలెక్టరునా?" అనేవాడు. ముదీర్ మాత్రం తల పట్టుకున్నాడు. "గట్ల లేస్తవేంది? కుర్చీల ముండ్లున్నయా? గిరాకీ గదే అనుకుంటడు!"

నెలాఖరున ఒక పెద్దావిడ అద్దం కొనడానికి వచ్చింది. దుబాయ్‌లోని డేరా బజారులో బట్టల వ్యాపారం చేసే సింధీ కుటుంబం. ఆవిడ రాగానే లేచాను. కూర్చున్నాను. టీ కుర్రాడొచ్చాడు, లేచాను. ఇలా నేను లేస్తూ కూర్చుంటూ ఉంటే ఆవిడ అద్దాలు వదిలేసి నన్నే చూడసాగింది. ముదీర్ ఇక ఓర్చుకోలేక నన్ను పక్కకు పిలిచి, "ఖలాస్ భాయ్. రేపటి సంది రాకు" అన్నాడు. అల్ నహ్దాలో నాతో గది పంచుకునేవాళ్లకు మొహం ఎలా చూపించాలా అని ఆలోచిస్తున్నాను.

అంతలో ఆవిడ పిలిచింది. "బేటా, ఇంకొక్కసారి కూర్చుని లే" అంది హిందీలో. కూర్చుని లేచాను. మళ్లీ కూర్చుని లెమ్మంది. లేచాను. అప్పుడు చెప్పింది. వాళ్లాయనకు మోకాళ్లు అరిగిపోయాయట. మెత్తటి సోఫాలో కూర్చుంటే ఇద్దరు పట్టుకుని లేపాలి. అలా లేపించుకోవడం నామోషీ అని, అసలు కూర్చోవడమే మానేసి మంచానికి అతుక్కుపోయాడట. "కూర్చోబెట్టే కుర్చీలు అందరూ చూపించారు. లేవనిచ్చే కుర్చీ నువ్వొక్కడివే చూపించావు" అంది. ముదీర్ మొహం చూడాలి! "మా పిలగాడు గందుకే లేస్తుండె మేడమ్" అన్నాడు, వెంటనే, సిగ్గు పడకుండా.

మర్నాడు నేనూ మామూ కుర్చీని వాళ్లింటికి తీసుకెళ్లాం. పెద్దాయన అనుమానంగా చూసి, కుర్చీ చేతులు తడిమి, మెల్లగా కూర్చున్నాడు. వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. మాకు టీ ఇచ్చారు. సెలవు తీసుకుని గుమ్మం దాకా వచ్చామో లేదో, వెనక చిన్న చప్పుడైంది. పెద్దాయన రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, ఊపిరి బిగబట్టి లేస్తున్నాడు. పట్టుకోబోయిన పెద్దావిడ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. ఆయన నిటారుగా నిలబడి, మా ఇద్దరికీ దండం పెట్టాడు.

లిఫ్టులో మామూ జిగురు మరకలంటిన తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత అన్నాడు, "ఈ దేశంలో శానా కుర్చీలు జేసినా అబ్బీ. నువ్వు తప్ప, నన్ను సూసి కుర్చీలోంచి లేసిన మనిషిని ఇయ్యాలే సూసినా."

నా ఉద్యోగం నిలిచింది. ఆ పెద్దావిడకు, మామూకు, మొట్టికాయలు పెట్టిన మా పెదనాన్నకు, ఆఖరికి ముదీర్‌కు కూడా నేను నోరారా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ఇప్పుడు నాకు వెనక్కి వాలి కూర్చోవడం బాగానే వచ్చింది, దానితో పాటు కాస్త పొట్ట కూడా వచ్చింది. అంచున బిగుసుకుని కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూనే ఇదంతా రాశాను. కానీ ఆ పెద్దాయన లేచిన చోటు రాసి చూసుకుంటే, నేనూ లేచి నిలబడే ఉన్నాను.