బిగిద్దామా బావగారూ

ప్రియులారా, మా అక్క భర్త, నేను బావగారూ అని పిలుచుకున్న మనిషి, పోయిన మంగళవారం ప్రభువులో నిద్రించారు. పెదకాకాని దగ్గర మా పల్లెలో అప్పటికే ముసురు పట్టి ఉంది. వానలోనే భూస్థాపన చేశాం. వాక్యం నేనే చెప్పాను. గొంతెత్తి గద్దించడం నా అలవాటు. ఆ రోజు చివరి మాటలు మెల్లగా జారనిచ్చాను. అది ఆయన నేర్పిందే.

వయసులో ఉండగా ఆయన, పత్తి చేల మీద తిరిగి తెగులు జాడ చూసే రెండు సీట్ల విమానానికి మెకానిక్. దాని చక్రాలు లోపలికి ముడుచుకోవు. ఎగిరినంతసేపూ కిందికి వేలాడుతూనే ఉంటాయి. వాటికి రేకు తొడుగులెందుకని అడిగితే, కళ్ళంలోంచి ఒక ఎండుమిరపకాయ తీసి నా అరచేతిలో పెట్టారు.

"గాలికి ఏ వైపు పెడతావు?"

"మొన వైపండీ. ఈటెలాగా దూసుకుపోవాలి గదా!"

"అందరూ అక్కడే బోల్తా. లావు వైపు ముందుండాలి, తోక వెనకుండాలి. ఉత్త చక్రమైతే దాటిన గాలి వెనకాల సుడి తిరిగి, విమానాన్ని పట్టి లాగుద్ది. తోకుంటే మెల్లగా జారి కలిసిపోద్ది. నీ ప్రసంగానికీ తోక లేదయ్యా. అరిచి అరిచి టక్కున ఆపుతావు."

వానాకాలం మాత్రం తొడుగులు తీసేసేవారు. నల్లరేగడి బురద వాటి లోపల కూరుకుంటే చక్రం తిరగదు. అది వినగానే నేను ఫరో రథాలెక్కాను. సముద్రం నడుమ చక్రాలు ఊడి ఈడ్చుకుపోయిన రథాలు!

"ఫరో దగ్గర మంచి మెకానిక్ లేడయ్యా," అన్నారు. అక్క పడీపడీ నవ్వింది.

ఆ విమానం ఎక్కాలని నాకు ప్రాణం కొట్టుకునేది.

"వాన తెరిపివ్వనీ. తొడుగులు బిగించి, పైలట్‌తో చెప్పి ఎక్కిస్తా. అక్కణ్ణించి ప్రార్థన చేస్తే తొందరగా చేరుద్దిలే."

ముసురు విడవకముందే ఆ తెగులు చూసే పని ఆగిపోయింది, విమానాన్ని తీసుకుపోయారు. సొట్టపడిన తొడుగొకటి ఆయన ఇంటికి తెచ్చుకున్నారు. అక్క అందులో మిరపకాయలు పోసేది. ఆ తర్వాత ఎప్పుడు తెరిపిచ్చినా ఆయన నా వంక చూసి, "బిగిద్దామా?" అనేవారు.

ఏలీయాకు అగ్నిరథం వచ్చింది. నేను అంత అడగలేదు. ఆ చిన్న విమానంలో నేను పైన, తల ఎత్తి చూస్తూ కింద ఆయన. అంతే కోరుకున్నాను. ఇప్పటికీ కోరుకుంటున్నాను.

ఈ ఉదయం తెరిపిచ్చింది. అక్క మిరపకాయలు చాప మీద పోసి, తొడుగు కడిగి అరుగు మీద ఆరబెట్టింది, లావు వైపు గాలికి ఎదురుగా. పక్కన కూర్చుని, "బిగిద్దామా బావగారూ?" అన్నాను.

గాలి దాని మీదుగా చప్పుడు లేకుండా జారిపోయింది.