సుంకప్ప వాకిట్లో మార్తమ్మ

మార్తమ్మ నోరు విప్పిందంటే పత్తికొండ టమోటా మార్కెట్టులో వేలం పాడేవాడు కూడా ఆగి వినాల్సిందే. నాకు వరసకు వదిన. కూలికి పోయిన ఏ చేలోనూ గట్టు మీద కూర్చుని పెత్తనం చేసేవాణ్ణి ఆమె ఊరికే వదల్లేదు. అంత నోరున్న మనిషి, మొగుణ్ణి నరికిన రోజు మాత్రం ఒక్క మాట మాట్లాడలేకపోయింది.

ఆమె మొగుణ్ణి, మా యేసోబన్నను నరికింది సుంకప్ప. పక్క చేను ఆసామితో వాడికి బోరు నీళ్ళ తగాదా. యేసోబన్న ఆ చేనుకు నీళ్ళు కడుతున్న కూలివాడు, అంతే. ఆబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరిగినట్టు, ఆసాములు కొట్టుకుంటే పోయింది అతని ప్రాణం. పార కింద పెట్టకముందే వేటకొడవలి మెడ మీద పడింది. నీళ్ళు ఎర్రగా వేరుశనగ మడిలోకి పారాయి. ఆ నీళ్ళు ఆపడానికి మడవ మూసింది నేనే.

సుంకప్ప బెయిలు మీద ఊరికొచ్చాడు. ఆ కబురు వినగానే మార్తమ్మ కొడుకు దానియేలు బెంగళూరులో సెంట్రింగు పని మానుకుని దిగాడు. తండ్రిని నరికినవాణ్ణి నరకకపోతే మా సీమలో వాడు మగాడే కాదు. ఆమెకు వాడొక్కడే. వాడు జైలుకు పోతాడో పాడె ఎక్కుతాడోనని ఆమెకు నిద్ర లేదు.

క్రిస్మస్ ముందు రోజు పొద్దుగూకే వేళ మా పేటవాళ్ళం డప్పు కొట్టి పాడుకుంటూ ఊరంతా తిరగడం అలవాటు. హిందువుల ఇళ్ళకూ సాయిబుల ఇళ్ళకూ పోతాం, చేటలో జొన్నలో బియ్యమో పోస్తారు. ఆసారి పాస్టరు నెహెమ్యా అయ్యగారు సుంకప్ప ఇల్లు తప్పించి పోదామన్నారు. అందరం సరేనన్నాం.

"యాల తప్పించల్ల?" అంది మార్తమ్మ.

"నీ మొగున్ని సంపినోడు గదా వదినా!" అన్నాను.

"అది నాకు నువ్వు సెప్పల్లనా? యేసయ్య మంచోళ్ళ ఇండ్లు సూసుకోని పుట్టినాడా? మనం ఆయప్పకు పగోళ్ళుగా ఉన్నెప్పుడే గదా దిగొచ్చినాడు. ఆ ఒక్క ఇల్లు ఇడ్సిపెట్టి ఇంగేం పాడతారప్పా?"

నాకు ఒళ్ళు మండింది. అలాంటి మాటలు గుడిలో బాగుంటాయి, కొడవలి ముందు కాదు. కానీ ఆమె అప్పటికే బయల్దేరింది. వెనకే దానియేలు. వాడి చొక్కా కింద కొడవలి ఉందని మాకు తెలుసు. ఆమెకు తెలియదనుకున్నాం.

తప్పంతా మాదే. ముందుగా కబురు పెట్టలేదు. చచ్చినవాడి పెళ్ళాన్ని ముందు పెట్టుకుని, డప్పు మోగిస్తూ, చంపినవాడి ఇంటి మీదికి ఒక గుంపు వస్తే, ఈ నేల మీద దాన్ని క్రిస్మస్ పాట అని ఎవడనుకుంటాడు? మిద్దె మీద నుంచి రాళ్ళు పడ్డాయి. నా డప్పు పగిలింది. తలుపు తీసుకుని సుంకప్ప కొడవలితో దూకాడు. మొదటి వేటుకు మార్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. రెండు వేళ్ళు తెగి ముగ్గులో పడ్డాయి.

దానియేలు వాణ్ణి కిందికి తోశాడు. రొమ్ము మీద మోకాలు పెట్టి ముక్కు చితికేదాకా గుద్దాడు. కొడవలి బయటికి తీశాడు. నేనూ రాయి ఎత్తాను, దాచడమెందుకు? సుంకప్ప పెళ్ళాం హంపమ్మ గుండెలు బాదుకుంటోంది.

అప్పుడు మార్తమ్మ పోయి సుంకప్ప మీద అడ్డంగా పడింది. ఆమె నెత్తురు వాడి కళ్ళలోకి కారింది.

"ఎయ్‌రా! ముందు నన్నెయ్!"

"లెయ్‌మా! నాయన్ను సంపినాడు. నిన్నూ నరికినాడు!"

"నాయన్ను పగబట్టి సంపినాడు. దానికి కోర్టుకు పోతా, సాచ్చెం సెప్తా. వాన్ని ఉరేసినా ఏడ్వను. ఇది మాత్రం భయానికి కొట్టినాడ్రా. మనం సంపనీకి వచ్చినామనుకున్నాడు." ఆయాసపడుతూ కొడుకు చేతి వైపు చూసింది. "నువ్వు వచ్చింది అందుకే గదరా? వాడనుకున్నది తప్పా?"

నేను చేతిలోని రాయి పడేశాను. దానియేలు కొడవలి పారేసి అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. హంపమ్మ చీర కొంగు చించి కట్టు కట్టింది. సుంకప్ప నెత్తురు ఉమ్ముతూనే లేచి తన టమోటాల ఆటో తీశాడు. ఆసుపత్రి దాకా దానియేలు వాడి పక్కనే కూర్చున్నాడు.

దానియేలు ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు, పెళ్ళి కూడా అయింది. మార్తమ్మ అన్నట్టే కోర్టుకు పోయి, "నా మొగున్ని సంపింది ఈయప్పే" అని సుంకప్పను చూపించింది. వాడికి శిక్ష పడింది. ఆ వేళ్ళెలా పోయాయని వకీలు అడిగితే, "దానికి కేసు లేదు సామీ. ఆ పొద్దు నా బిడ్డ నాకు మిగిలినాడు," అంది.