ఘాటు ఎక్కించిన ఉస్తాద్

మా ఉస్తాద్ మొన్న శుక్రవారం పొద్దున పోయారు. నిర్మల్ బస్టాండు వెనక సందులో స్కూటర్లు బాగుచేసే మెకానిక్ ఆయన. వాళ్లబ్బాయి ఫోనులో ఆ మాట చెప్పగానే నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నాకు బంధువు కాదు, చదువు చెప్పినవారూ కాదు. అయినా నేను ఒంటరిగా రోడ్డెక్కగలిగానంటే ఆయన వల్లే.

నా ఎడమ కాలు పోలియోది. వెనక రెండు పక్క చక్రాలు బిగించిన, గేర్లు లేని చిన్న టూ-స్ట్రోక్ స్కూటరు నాది. ఊళ్లో బాగానే తిరిగేది. కొండ ఎక్కే ఘాటు రోడ్డు పైనున్న బడికి బదిలీ అయ్యాకే చిక్కొచ్చింది. రెండో మలుపులోనే బండి చతికిలబడేది. "రోజు నేనే దింపుత తియ్యి" అన్నాడు మా అన్న. ప్రేమగానే అన్నాడు, నాకే ఒళ్లు మండింది. ఉద్యోగం చేస్తూ కూడా ఒకరి వెనక కూర్చుని పోవడమేమిటి?

ఉస్తాద్ బండి పక్క మూత విప్పి చూపించారు. ఇంజను ఊపును బెల్టుతో చక్రానికి అందించే వేరియేటరు మార్చాలట. దాని లోపలి రోలర్లే బెల్టును జరుపుతాయి. అవి తేలికైతే బండి ఎత్తు ఎక్కుతుంది గానీ చదును రోడ్డు మీద ఊరికే అరుస్తుంది. బరువైతే చదునులో పరుగెత్తుతుంది, ఎత్తులో ఆయాసపడుతుంది. కరీంనగర్ నుంచి రెండు రకాలు తెప్పించారు. నేను తళతళలాడేదాని మీద చెయ్యి వేశాను.

"గది పోరగాండ్ల షోకు టీచరమ్మా. నీకు ఉరుకుడు గావాల్నా, ఎక్కుడు గావాల్నా?"

సాదాదే పెట్టమన్నాను. రోలర్లు ఎంచే ముందు ఆయన నేల చూపులు చూస్తూ అడిగారు, "నీ బరువెంత బిడ్డా?"

షాపులో నలుగురు మగవాళ్లున్నారు. నలభై ఎనిమిది అన్నాను. నిజానికి అరవై రెండు.

ఒక్కో రోలరునూ చిన్న త్రాసులో తూచి ఎక్కించారు. పుల్లీ మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి పంపేవారు, తిరిగొచ్చాక బెల్టు ఆ గీతను ఎంతమేర తుడిచిందో చూడటం ఆయన పద్ధతి. మర్నాడు బండి మూడో మలుపులో ఆగిపోయింది. ఆటోలో వేయించుకుని తెచ్చాను. ఆయన మూత విప్పి గీతను చూశారు, నన్ను చూశారు. దొరికిపోయాననుకున్నాను.

"నీ పుస్తకాల సంచి బరువు లెక్కల పట్టలే. తప్పు నాదే" అన్నారు, అందరికీ వినపడేలా.

పద్నాలుగు కిలోల సంచి ఏ టీచరు మోస్తుంది! తప్పు చేసిన పిల్లను సిగ్గుపడనివ్వకుండా దిద్దడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆ సాయంత్రం ఇంకా తేలిక రోలర్లు పడ్డాయి. రిపేరు అయిన బండిని ఆయన ఎప్పుడూ తానే స్టార్ట్ చేసి ఇచ్చేవారు కాదు. "నీ బండి, నువ్వే చెయ్యి" అని పక్కకు జరిగి, చాయ్ సాసరులో పోసుకునేవారు. "జర మెల్లగ పోయినా ఫికర్ లేదు. ఆగకుండ పోవాలె" అన్నారు ఆ రోజు.

సోమవారం పొద్దున ఘాటు ఎక్కేశాను. లారీలు హారన్లు కొడుతూ దాటిపోతుంటే, మెల్లగానే. పైకి చేరి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గట్టిగా నవ్వాను.

మొన్న పరామర్శకు వాళ్లింటికి వెళితే ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. "నీ బండి బాగుచేసినంక వారమంత దుకాణం ఆలస్యంగనే తెరిచిండు బిడ్డా. ఏడికి పోతున్నవ్ అంటే చెప్పకపోతుండె. ఎన్కసిరి తెలిసింది, పొద్దుగాల్నే ఘాటు కింద పోయి నిలబడేటోడంట. టీచరమ్మ నడుమల ఆగితే ఎట్ల అని."

నేనేమో ఒక్కదాన్నే పోతున్నానన్న గర్వంలో వెనక్కి చూడనే లేదు. కింద రోడ్డు పక్కన, పానాలు, స్క్రూడ్రైవర్లున్న సంచి భుజాన వేసుకుని, మలుపు మలుపుకూ సన్నబడుతున్న నా బండి చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఆయన నిలబడే ఉన్నారు.