మీ నాయన పస్తు, మూడు నెలల షుగరు పరీక్ష

బుజ్జోడా, పరీక్షకు ముందు రెండు రోజులే జొన్నరొట్టె తిని, మిగతా రోజులన్నీ మగ్గం దగ్గర తీపి టీలు తాగేవాడివి. ఏళ్ల తరబడి షుగరు ఎక్కువగానే ఉండి కిడ్నీలు చెడిపోయాయి, నువ్వు మాకు దక్కలేదు.

నీలాగే షుగరున్న మీ నాయనను ఈరోజు పరీక్షలకు కడపకు తీసుకుపోయాను. ఆయన నీకన్నా ఒక ఆకు ఎక్కువే చదివాడు, షుగరు తక్కువ చూపాలని నిన్నంతా పస్తు ఉన్నాడు. డాక్టరమ్మ నవ్వింది.

"ఏం పెద్దాయనా, ఒకరోజు పస్తుంటే ఏమొస్తాది? ఈ పరీక్షలో మూడు నెలల షుగరు తెలుస్తాది. మీది అదుపులోనే ఉండాది, కిడ్నీలూ బాగుండాయి."

"బాగుండక ఏం చేస్తాయమ్మా? మూడు నెలలుగా ఈమె నా అన్నం తట్ట ముందర కావలి కూర్చుంటాండాది" అన్నాడు మీ నాయన.

తిరిగొచ్చే బస్సులో చాలా రోజులకు నాకు కునుకు పట్టింది.

ఇది చదివే మీ ఇండ్లలోనూ ఇట్లా పస్తుండేవాళ్లు ఉన్నారా? పరీక్ష కోసం కాదు, రోజూ వేళకు మంచిగా తినండి.