మూడు మిల్లులు, రెండు కొలతలు

ఆ రెండు కొలతల్నీ తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. అరవైల చివర్లో వాల్తేరులో స్టాటిస్టిక్స్ ఎమ్మే చదువుతూ వాటిని పోల్చే పని పెట్టుకున్నాను. ఒక పరిశ్రమ ఎందరి చేతుల్లో ఉందో తేల్చడానికి మొదటిది పెద్ద కంపెనీల వాటాలు మాత్రమే కూడుతుంది. రెండోది ప్రతి వాటానీ దానితోనే హెచ్చవేసి, అన్నిటినీ కూడుతుంది. ఒకే యజమాని ఎన్ని వ్యాపారాల మీద బతుకుతున్నాడో కూడా వీటితోనే చూడవచ్చు. అప్పుడు మొదటి కొలతకి అన్నిటికన్నా పెద్ద వ్యాపారం వాటా ఒక్కటే చాలు; రెండింట్లోనూ అంకె ఎంత చిన్నదైతే ఒక్కదాని మీదే ఆధారపడటం అంత తక్కువ.

అందుకని చీపురుపల్లిలో మా ఇంటినే కొలిచాను. నాన్నకి బియ్యం మిల్లు, వేరుశనగ నూనె మిల్లు, గోగునార బేళ్లు కట్టే ప్రెస్సు ఉండేవి. ఆదాయంలో మూడింటిదీ ఇంచుమించు సమానమైన వాటా. ఇతరుల విషయంలో ఎప్పుడూ పొసగని రెండు కొలతలూ మా దగ్గర ఏకమై, మాకేం భయం లేదన్నాయి.

"మరేటనుకున్నావు! ఒకటి పడిపోతే ఇంకోటి నిలబెడతాది," అన్నాడు నాన్న.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. వరి, వేరుశనగ, గోగు కలిసే ఎండిపోయాయి. మూడు మిల్లులూ ఆగిపోయాయి. దిక్కుమాలిన కొలతలు, రెండింట్లో ఒక్కదానికీ వాన సంగతి తెలియదు!

సెలవులకి వెళితే, ఆగిన మిల్లులో కూర్చుని నాన్న అడిగాడు. "ఇప్పుడేటి సెప్తన్నాదిరా నీ లెక్క?"

వాటా తీయాలంటే మొత్తం ఆదాయంతో భాగించాలి. మొత్తమే సున్నా అయిపోయింది. ఇక ఏ కొలతా పనిచెయ్యదని చెప్పాను.

నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇంకో కొలత లేదేట్రా? సూడు నాయనా, సరిగ్గా సూడు."