యాపులకు తీర్పు చెప్పే మనిషి

మా ఆయన చేసేది వ్యవసాయమే గానీ, కొత్త యాపు ఏది వచ్చినా ముందు ఆయన ఫోన్‌లోకే ఎక్కేది. ఎక్కగానే తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. నాకు చదువు రాదు. బీడీలు చుట్టీ చుట్టీ వేలిముద్రలు అరిగిపోయాయి. అలాంటి నేను వాడగలిగితేనే అది మంచి యాపని ఆయన తీర్పు.

వానలు చెప్పే యాపును కామారెడ్డి బస్సులోనే తీసేశాడు. "వాన పడ్తదన్నది, పడలే. మాఫీ సుత అడగదు, బేషరమ్‌ది!" అన్నాడు. మనం మాట్లాడితే రాసిపెట్టే యాపు మాత్రం ఆయనకు ప్రాణం. "నువ్వు చెప్పు, గది రాస్తది. ఇగ నీకు సదువెందుకే?" అని మురిసిపోయేవాడు.

ఒకసారి బియ్యం దుకాణంలో మిషన్ నా వేలిని పట్టలేదు. "కష్టం చేసిన చేతిని ఆనవాలు పట్టకుంటే గదేం మిషన్?" అని డీలర్‌తో కొట్లాడాడు. జనమంతా నవ్వుతుంటే సిగ్గుతో కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మొన్నామధ్య ఆయన గుండె ఆగి చనిపోయాడు. వితంతు పింఛను కోసం ఎల్లారెడ్డి ఆఫీసుకు వెళ్లాను. అక్కడ వేలు అడగలేదు. ముఖం చూసి ఆనవాలు పట్టే యాపున్న ఫోన్ ఎదురుగా పెట్టి, "కండ్లు మూసి తెరువమ్మా" అన్నాడు సారు. మూసి తెరిచాను.

"అయిపాయె, పట్టింది."

ఆయన ఉంటే ఆ యాపును ఊరంతా పొగిడేవాడు. ఆయన ఉంటే అది నన్నెందుకు చూస్తుంది?

"నీ నసీబు మంచిగున్నదక్కా, ఒక్కపారికే పట్టింది. నన్ను తిప్పుతనే ఉన్నరు" అంది వెనుక నిలబడ్డ ఇంకో వితంతువు.

ఆ మాటకు ఆగలేక ఆమె భుజం పట్టుకుని ఏడ్చాను.